వాళ్ల పగటికి మన రాత్రిని రాసియ్యొద్దు

కొలువు కావాల్నంటే ఊరు ఇడవాలె అన్న మాట ఇప్పుడు సగమే నిజం. నెట్ కనెక్షన్, ల్యాప్‌టాప్ ఉంటే చాలు, మన ఊర్ల కూసోనే అమెరికా దవాఖానల బిల్లులు చేసేటోళ్లు ఉన్నరు. లండన్ దుకాణం లెక్కలు రాసేటోళ్లు, సిడ్నీ కంపెనీ వెబ్‌సైట్ చూసుకునేటోళ్లు ఉన్నరు. వీడియోలు ఎడిట్ చేసేటోళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేటోళ్లు, ఆన్‌లైన్ల ట్యూషన్లు చెప్పేటోళ్లు సుత ఉన్నరు. మంచిదే. అయ్య అవ్వ కండ్ల ముందట ఉంటరు, పట్నం కిరాయి తప్పుతది.

అయితే ఒక ముచ్చట ఎవరూ సక్కగ చెప్తలేరు. కొలువు ఊరికి వచ్చింది గని, దాని గడియారం ఊరికి రాలే. కుర్చీ మనది, కరెంటు బిల్లు మనది, టైము మాత్రం డల్లాస్‌ది, న్యూయార్క్‌ది. ఊరంత పండుకున్నంక మన పిల్లలు డ్యూటీ ఎక్కుతున్నరు, ఊరంత లేశే యాళ్లకు ముసుగు తన్నుతున్నరు. "ఏం చేస్తమన్నా, వాళ్లకు పగలు, మనకు రాత్రి, అది దేవుడు పెట్టిన తేడా" అని నాతోని చాలమంది తమ్ముళ్లు అన్నరు.

నేను చెప్పొచ్చేది ఒక్కటే. భూమి తిరగుడు ప్రకృతి. ఆ తిరుగుడుకు ఎవరు నిద్ర చెడగొట్టుకోవాలె అన్నది మాత్రం బేరం. బేరం అన్నంక లెక్క తెల్వాలె, అడగ తెల్వాలె. ఈ రెండూ జర ఇడమర్చి చెప్త.

గడియారం ఆకాశం నుంచి పడలే

ముందుగాల ఒకటి గుర్తుంచుకోండ్రి, ఈ టైముల గీతలు మనుషులు గీసినయే. వెనుకట ఏ ఊరి టైము ఆ ఊరిదే. నడినెత్తి మీదికి పొద్దు వస్తే అదే పన్నెండు. రైళ్లు వచ్చినంక ఆ పద్ధతి రైలు కంపెనీలకు పనికిరాలే. 1883 అక్టోబర్‌ల అమెరికా రైలు కంపెనీలోళ్లు షికాగోల కూసోని దేశాన్ని టైము పట్టీలుగ పంచుకున్నరు, నవంబర్ 18 నుంచి అమలు పెట్టిన్రు. సర్కారు చట్టం చేసింది 1918ల, అంటే 35 ఏండ్లకు. ముందుగాల కంపెనీ, తర్వాత చట్టం! 1884ల వాషింగ్టన్‌ల పెద్ద సభ పెట్టి, లండన్ పక్కన గ్రీనిచ్‌ను సున్న కింద లెక్క మొదలుపెట్టిన్రు.

మన దగ్గర రైళ్లకు మద్రాసు టైము నడిచింది. 1906 జనవరి 1 నుంచి ఇప్పటి భారత టైము వచ్చింది. అది కాకినాడ దగ్గరికెల్లి పోయే 82.5 డిగ్రీల రేఖ లెక్క, గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. హైదరాబాద్‌ల పొద్దు నడినెత్తికి వచ్చుడు సగటున ఆ రేఖ కన్న పావుగంట ఆలస్యమే, అయినా గడియారం మాత్రం ఒక్కటే. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా వాళ్ల సొంత టైము ఇడిశిపెట్టలే. అస్సాం చాయ్ తోటలల్ల గడియారాన్ని గంట ముందుకు పెట్టుకునే 'బాగాన్ టైము' ఉన్నది, పొద్దు ఉన్నప్పుడే పని అయిపోవాల్నని. అంటే పనికి తగ్గట్టు గడియారం జరుగుతది. పని చేసేటోని పానానికి తగ్గట్టు కూడా జరగాలె గదా!

ముందు లెక్క నేర్వాలె

మన గడియారంల అరగంట ఉన్నది, వాళ్ల దాంట్ల మలుపు ఉన్నది. ఈ రెండూ కలిసి చానమందిని తికమక పెడ్తయ్.

మలుపు అంటే ఏందంటే, అమెరికాల ఎండకాలం గడియారాన్ని గంట ముందుకు జరుపుతరు. మార్చి రెండో ఆదివారం జరిపి, నవంబర్ మొదటి ఆదివారం మళ్ల వెనుకకు తెస్తరు. యూరప్ దేశాలల్ల మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబర్ ఆఖరి ఆదివారం దాకా. మనం జరపం, గల్ఫ్ దేశాలోళ్లు జరపరు. అందుకే మనకూ అమెరికాకూ నడిమి తేడా ఏడాదిల రెండుసార్లు మారుతది. గని మనం ఏం మార్చకున్నా మన డ్యూటీ గంట అటో ఇటో జరుగుతది.

తేడాలు ఇవి. న్యూయార్క్ మనకంటే ఎండకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర గంటలు వెనుక. డల్లాస్, షికాగో పదిన్నర, పదకొండున్నర. కాలిఫోర్నియా పన్నెండున్నర, పదమూడున్నర. లండన్ నాలుగున్నర, అయిదున్నర. జర్మనీ మూడున్నర, నాలుగున్నర. దుబాయి, మస్కట్ ఎప్పటికీ గంటన్నర వెనుక. సౌదీ, కువైట్, ఖతార్ ఎప్పటికీ రెండున్నర వెనుక. సింగపూర్ రెండున్నర గంటలు మనకు ముందు. సిడ్నీ, మెల్‌బోర్న్ కూడా ముందే, నాలుగున్నర గంటలు. అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా వాళ్లకు ఎండకాలం, అప్పుడు అయిదున్నర.

అమెరికా టైమును నోటితోనే మార్చుకునే ఒక ఉపాయం ఉన్నది. వాళ్లు చెప్పిన టైముల పొద్దును రాత్రి చెయ్, రాత్రిని పొద్దు చెయ్, అంటే ఏఎం ఉంటే పీఎం, పీఎం ఉంటే ఏఎం. అటెన్క డల్లాస్ అయితే ఎండకాలం గంటన్నర తీసెయ్, చలికాలం అరగంట తీసెయ్. డల్లాస్‌ల పొద్దుగాల 9 అన్నరు, ఎండకాలం. రాత్రి 9ల నుంచి గంటన్నర తీస్తే మనకు మాపు ఏడున్నర. న్యూయార్క్ అయితే ఎండకాలం రెండున్నర తీసెయ్, చలికాలం గంటన్నర. కాలిఫోర్నియాకు తీసుడు కాదు కలుపుడు, ఎండకాలం అరగంట, చలికాలం గంటన్నర. నాలుగు రోజులు ఆడుకుంటే చేతికొస్తది.

ఇగ తారీఖు. డల్లాస్‌ల ఎండకాలం మధ్యాహ్నం ఒకటిన్నర దాటిందంటే మనకు తారీఖు మారినట్టే. "శుక్రవారం సాయంత్రం 5 లోపల ఇయ్యాలె" అని వాళ్లంటే, మనకు అది శనివారం తెల్లారుజాము మూడున్నర. అంటే మనకు శుక్రవారం పగలంత చేతిల ఉన్నది, రాత్రి మేలుకునే పని లేదు. ఇది తెల్వక శుక్రవారం మన సాయంత్రం 5కే అయిపోవాల్నేమో అని ఉరుకులాడేటోళ్లు ఉన్నరు, శుక్రవారం రాత్రంత కూసునేటోళ్లు కూడా ఉన్నరు. అట్లనే మన సోమవారం పొద్దుగాల 9కి డల్లాస్‌ల ఇంకా ఆదివారం రాత్రి పదిన్నరే. వాళ్లు నిద్ర లేశేటాళ్లకు మన సోమవారం పని మొత్తం అయిపోయి ఉండొచ్చు.

ఒక కాయిదం మీద మీ కంపెనీ టైము, మీ టైము, మలుపు తారీఖులు రాసి గోడకు అతికియ్యండ్రి. ఫోన్ గడియారంల 'వరల్డ్ క్లాక్' ఉంటది, అందుల రెండో ఊరు పెట్టండ్రి. మీటింగు టైము మాట్లాడేటప్పుడు ఎన్నడూ ఉత్తగ 'పొద్దుగాల 9' అనకుండ్రి. 'డల్లాస్ టైము పొద్దుగాల 9, ఇండియా టైము మాపు ఏడున్నర' అని రెండూ రాయండ్రి. మార్చి, నవంబర్‌ల మలుపుకు వారం ముందుగాలనే 'వచ్చే వారం నుంచి మనకు గంట మారుతది' అని మీరే రాయండ్రి. అడుగకముందే చెప్పేటోనికి ఇజ్జత్ ఉంటది.

ఎనిమిది గంటలూ కలిసి మేలుకోవాల్నా?

ఇదే అసలు ప్రశ్న. కంపెనీ 'అమెరికా టైముల పని' అన్నది అనంగనే మనం ఎనిమిది గంటల రాత్రిని మొత్తం రాసిస్తున్నం. డల్లాస్‌ల పొద్దుగాల 9 నుంచి సాయంత్రం 5 అంటే మనకు ఎండకాలం మాపు ఏడున్నర నుంచి తెల్లారుజాము మూడున్నర. చలికాలం ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర. కాలిఫోర్నియా అయితే రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లారి అయిదున్నర, చలికాలం పదిన్నర నుంచి ఆరున్నర. నిద్ర అనేదే లేదు.

గని మీ పనిని ఒకసారి ఇప్పి చూడండ్రి. ఫోన్ ఎత్తి మాట్లాడే కస్టమర్ సర్వీసు అయితే వేరే ముచ్చట, అక్కడ మనిషి మేలుకొని ఉన్నప్పుడే పని. అది తప్పుతలేదు. బిల్లింగు, కోడింగు, డిజైను, ఎడిటింగు, లెక్కలు, టెస్టింగు అట్ల కాదు. వాటిల వాళ్లూ మనం ఒక్కపారి మేలుకొని ఉండాల్సిన పని ఎంత? ఒక మీటింగు, నాలుగు ప్రశ్నలు, రెండు జవాబులు. రోజుకు రెండు మూడు గంటలు మస్తు. మిగిలింది ఎవరి పని వాళ్లు చేసుకునేదే. హైదరాబాద్‌కు మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ పని వచ్చినప్పుడు ఆ వ్యాపారం నిలబడ్డదే ఈ గడియారాల తేడా మీద. వాళ్ల డాక్టర్లు పగలు మాట్లాడి పంపుతరు, వాళ్లు పండుకున్నప్పుడు మనోళ్లు టైపు చేస్తరు, వాళ్లు లేశేటాళ్లకు కాయిదం తయారు. తేడా వాళ్లకు లాభమే. లాభం వాళ్లు తీసుకొని నష్టం మనకు పంచుడు ఏం న్యాయం?

అందుకే అడగాల్సింది ఇది: "మనిద్దరం కలిసి ఉండాల్సిన గంటలు ఎన్ని? అవి మాత్రం మీ టైముల ఉంట. మిగిలినయి నా పగటిల చేస్త."

డల్లాస్ కంపెనీకి ఎండకాలం మన మాపు ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర అంటే వాళ్లకు పొద్దుగాల 8 నుంచి 11. వాళ్లు ఆఫీసుకు గంట ముందు కూసుంటరు, మనం బువ్వ తిని పదింటికి పండుకుంటం. చలికాలం గంట జరిపి ఏడున్నర నుంచి పదిన్నర. న్యూయార్క్‌కు మాపు ఆరున్నర అంటే ఎండకాలం వాళ్లకు సరిగ్గ 9. ఇంకా అల్కగ అయితది. కాలిఫోర్నియా కష్టం. అక్కడ రెండు తొవ్వలు. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర, అది వాళ్లకు ఎండకాలం పొద్దుగాల 9 నుంచి 11. లేకుంటే మన పొద్దుగాల, ఆరున్నర అంటే చలికాలం వాళ్లకు ముందురోజు సాయంత్రం 5. కోడి కూసేటప్పుడు లేశే అలవాటు ఉన్న ఊరికి ఇదే నయం. లండన్, జర్మనీలతోని బాధనే లేదు. లండన్ 9 నుంచి 5 అంటే మనకు ఎండకాలం మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర. ఆ దేశాల పని దొరికే తొవ్వ ఉంటే ముందు అది చూడండ్రి. పైసలు జర తక్కువైనా రాత్రి మిగులుతది, దానికీ ఒక ధర ఉన్నది.

ఇట్ల అడిగితే కొలువు ఇస్తరా అని మీరు అడగొచ్చు. మొదటి రోజే కొందరు ఇయ్యరు. అందుకే ముందుగాల ఒక నెల వాళ్ల టైముల చేసి, పని చూపెట్టి, ఆ తర్వాత 'వారంల రెండు రోజులు ఇట్ల చేసి చూద్దం' అని అడగండ్రి. పని ఆగలేదని కండ్లతోని చూసినంక ఒప్పుకునే మేనేజర్లు ఉంటరు. మీటింగు తప్పదన్నప్పుడు వంతులు అడగండ్రి, ఒక నెల మనం రాత్రి కూసుంటం, ఒక నెల వాళ్లు పొద్దుగాల జల్ది లేస్తరు. ఎప్పుడూ ఒక్కడే మేలుకునే దోస్తీ దోస్తీ కాదు.

రాత పని నేర్సుకుంటే రాత్రి పని తగ్గుతది

మేనేజర్లు మనల్ని రాత్రి ఎందుకు మేలుకోమంటరంటే, భయం. అడిగితే జవాబు దొరకదేమో, పని ఎక్కడికి వచ్చిందో తెల్వదేమో అని. ఆ భయం పోగొట్టే మందు ఒక్కటే, రాత. సింగరేణిల ఒక షిఫ్టు దిగేటోళ్లు ఎక్కేటోళ్లకు ఎక్కడ ఏముందో చెప్పి దిగుతరు, చెప్పకుంటే పానాల మీదికొస్తది. మన పనిల పానం పోదు గని నిద్ర పోతది.

పని ఆపే ముందు రోజూ నాలుగు ముక్కలు రాసి పంపండ్రి. ఒకటి, ఇయ్యాల ఏం అయింది. రెండు, ఏం మిగిలింది. మూడు, మీరు నాకు ఏం చెప్పాలె. నాలుగు, మీ నుంచి జవాబు రాకుంటే నేను రేపు ఏం చేస్త. ఈ నాలుగోదే కీలకం. 'రంగు ఎరుపా, నీలమా చెప్పండి' అని రాసి ఆగితే, ఆ జవాబు కోసం ఒక రోజు పోతది, లేకుంటే రాత్రి మేలుకోవాలె. 'జవాబు రాకుంటే నీలం పెట్టి ముందుకు పోత, తర్వాత మార్చుడు పది నిమిషాల పని' అని రాస్తే పని ఆగదు, నిద్ర ఆగదు. మీ ఇంగ్లీషు గొప్పగ ఉండాల్సిన పని లేదు. చిన్న చిన్న వాక్యాలు, అంకెలు, తారీఖులు, స్క్రీన్ ఫోటో ఉంటే చాలు. ఫోన్ల తడబడేటోళ్లు సుత రాతల నెగ్గుతరు.

ఇంకొకటి. బాయికాడ మోటరుకు ఆటో స్టార్టర్ పెట్టుకున్నం గదా, కరెంటు రాంగనే దానంతట అదే షురూ అయ్యేటందుకు. మెయిల్‌కు సుత అసొంటిది ఉన్నది. మెయిల్ మధ్యాహ్నమే రాసి, వాళ్ల పొద్దుగాల 9కి పోయేటట్టు టైము పెట్టొచ్చు. జీమెయిల్‌ల 'షెడ్యూల్ సెండ్' అంటరు. మోటరు కాడ కావలి ఉండుడు ఎట్ల తగ్గిందో, మెయిల్ కాడ కావలి సుత అట్ల తగ్గుతది.

పానం ఉద్దెర ఇయ్యదు

రాత్రి పని తప్పనోళ్లు ఉంటరు. వాళ్లకు పానం సంగతి చెప్పాలె, భయపెట్టనీకి కాదు.

మన ఒంట్ల సొంత గడియారం ఉన్నది. అది ఎట్ల నడుస్తదో చిన్న పండ్ల ఈగల మీద పరిశోధన చేసి చెప్పినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017ల నోబెల్ బహుమతి ఇచ్చిన్రు. ఆ గడియారం వెలుతురును చూసి సరి అయితది, ఆఫర్ లెటర్‌ను చూసి కాదు. రాత్రి తిన్నది పగలు తిన్నట్టు అరుగదు, పగటి నిద్ర రాత్రి నిద్రంత పట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007ల రాత్రి షిఫ్టు పనిని 'మనుషులకు క్యాన్సర్ తేవచ్చు' అనే 2ఏ వర్గంల పెట్టింది. 2019ల మళ్లీ చూసి ఆడనే ఉంచింది. రాత్రి పని చేసిన ప్రతి ఒక్కలికీ రోగం వస్తదని దీని అర్థం కాదు. ఏండ్లకేండ్లు చేసుడు అల్కటి ముచ్చట కాదని అర్థం.

గావట్టి రాత్రి పని చేసేటోళ్లు కొన్ని పట్టింపులు పెట్టుకోవాలె. పండుకునే టైము రోజూ ఒక్కటే ఉండాలె, సెలవు రోజు సుత మరీ మారొద్దు. కిటికీకి నల్ల బట్ట కట్టుండ్రి. డ్యూటీ సగం దాటినంక చాయ్, కాఫీ బంద్. పెద్ద బువ్వ డ్యూటీకి ముందే తినాలె, నడిరాత్రి అల్కటిది. వారం రాత్రి, వారం పగలు అని మార్చే రోస్టర్ కన్న ఒక్కటే టైము నయం. లేశినంక అరగంట ఎండల తిరగాలె. ఆఫీసుకు పోయి రాత్రి డ్యూటీ చేసేటోళ్లు తెల్లారి నిద్ర కండ్లతోని బండి నడపొద్దు. ఒక్క అరగంట ఆడనే కునుకు తీసి బయలెల్లండ్రి. నిద్ర పట్టక, కోపం ఎక్కువై, మనసు బాగలేకుంటే అది బద్ధకం కాదు, డాక్టర్‌కు చూపెట్టాల్సిన సంగతి.

ఊర్ల పగలు పండుకునుడు పట్నం కన్న కష్టం. మైకులు, చుట్టాలు, 'ఇంట్లనే ఉన్నవు గదా, జర బాయికాడికి పోయిరా' అనేటోళ్లు. ఇంట్ల ఉన్నోడు ఖాళీగ ఉన్నట్టే అని మనోళ్ల నమ్మకం. గోదావరిఖని, కొత్తగూడెం దిక్కు బాయి కార్మికుల ఇండ్లను చూడండ్రి. నాయిన నైట్ షిఫ్టు దిగి పండుకుంటే పిల్లలు గుసగుసలే మాట్లాడుతరు, అది ఆ ఇంటి కట్టుబాటు. ల్యాప్‌టాప్ పని చేసే ఇంట్ల సుత ఆ కట్టుబాటు రావాలె.

ఆడపిల్లల సంగతి ఇంకా చెప్పాలె. మొగపిల్లగాడు రాత్రి పని చేసి పండుకుంటే 'అలసిపోయిండు బిడ్డ' అంటరు. కోడలు రాత్రి పని చేసి పొద్దుగాల ఎనిమిదింటికి పండుకుంటే 'బారెడు పొద్దెక్కినా లేస్తలేదు' అంటరు. రాత్రి డల్లాస్ డ్యూటీ, పగలు ఇంటి డ్యూటీ, నడిమిట్ల రెండు మూడు గంటల నిద్ర. ఆమె జీతం మీద ఇంటి కిస్తీ నడుస్తది గని ఆమె నిద్రకు ఇంట్ల విలువ లేదు. అన్నలారా, తమ్ముళ్లారా, గడియారాల తేడా గురించి అమెరికోన్ని అడిగే ముందు మన ఇంట్ల వంట వంతుల గురించి అడుగుదం. చాయ్ పెట్టుడు, పిల్లల్ని బడికి తోలుడు ఏ దేశం టైముల అయినా మొగోడు చెయ్యొచ్చు.

రాత్రి కరెంటు నేర్పిన పాఠం

రాత్రి పని మన ఊర్లకు కొత్త కాదు. బాయి మోటర్లకు రాత్రి కరెంటు ఇచ్చే రోజులు యాదికి తెచ్చుకోండ్రి. నడిజాముల టార్చిలైటు పట్టుకొని పొలం కాడికి పోయిన రైతులు పాము కరిచి, షాకు కొట్టి ఎందరు పోయిన్రు? అప్పుడు రైతు సంఘాలు ఏమని అడిగినయ్? 'రైతులారా, రాత్రి మేలుకునుడు అలవాటు చేసుకోండి' అనలే. 'పగటి కరెంటు ఇయ్యుండ్రి' అన్నయ్. ఏండ్లకేండ్లు ధర్నాలు, సబ్‌స్టేషన్ ముట్టడిలు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణల బాయిలకు 24 గంటల కరెంటు అన్నరు. రాత్రి పొలం బాట పట్టే బాధకు మందు రైతు ఒంట్ల దొరకలే, కరెంటు టైము మార్చుట్ల దొరికింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ కాడ కూసున్న ఆ రైతు కొడుకు, బిడ్డ సుత అదే మాట అడగాలె.

చట్టం దిక్కు చూస్తే, తెలంగాణల 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉన్నది. ఐటీ, ఐటీ ఆధారిత కంపెనీలకు పని వేళల సెక్షన్ల నుంచి సర్కార్లు మినహాయింపు ఇచ్చుకుంట వచ్చినయ్. ఆ మినహాయింపుకు షరతులు సుత పెట్టిన్రు. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం, వారానికి ఒక సెలవు, రాత్రి డ్యూటీ ఆడవాళ్లకు భద్రత, బండి. మినహాయింపు సంగతి కంపెనీకి తెల్సు, షరతుల సంగతి మనకు తెల్వదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990ల రాత్రి పని మీద 171వ ఒప్పందం చేసింది. రాత్రి పనోళ్లకు ఆరోగ్య పరీక్ష, దానికి తగ్గ పరిహారం ఉండాల్నన్నది. మన దేశం దాని మీద సంతకం చెయ్యలే. ఫ్రాన్స్‌ల 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియాల 2024 ఆగస్టు నుంచి డ్యూటీ అయినంక ఆఫీసు ఫోన్ ఎత్తకుండ ఉండే హక్కు చట్టంల ఉన్నది. మన లోక్‌సభల అసొంటి ప్రైవేటు బిల్లు పెట్టిన్రు గని చట్టం కాలే. ఫ్రీలాన్స్, కాంట్రాక్టు మీద చేసేటోళ్లకు ఈ కాపుదల కూడా లేదు. వాళ్లకు రాసుకున్న కాయిదమే చట్టం.

అందుకే సంతకానికి ముందు ఇవి అడిగి రాయించుకోండ్రి. డ్యూటీ ఏ ఊరి టైముల, ఎన్ని గంటలు? మార్చి, నవంబర్ మలుపు వచ్చినప్పుడు మన డ్యూటీ జరుగుతదా, జరగదా? రాత్రి పనికి అలవెన్సు ఎంత? డ్యూటీ అయినంక కాల్ వస్తే అది పని గంటల లెక్కకు వస్తదా? సెలవులు ఎవరి పండుగలకు? థ్యాంక్స్‌గివింగ్‌కు సెలవిచ్చి బతుకమ్మ నాడు రమ్మంటే అది ముందే తెల్వాలె. కరెంటు పోతే, నెట్ పోతే ఆ గంటల జీతం కోస్తరా? నడిమిట్ల ఏజెన్సీ ఉంటే, అసలు కంపెనీ అడిగిన టైము ఏందో అడగండ్రి. కొన్నిసార్లు అసలు కంపెనీకి మూడు గంటలే కావాలె, రాత్రంత కూసోవెట్టేది నడిమి మనిషి. మీ పని గంటలు మీరు సుత ఒక నోటుబుక్కుల రాసుకోండ్రి. కైకిలి పోయిన అవ్వలు గోడ మీద బొగ్గుతోని గీతలు పెట్టుకున్నరు, దినాల లెక్క తప్పొద్దని. మనం అంతకన్న తక్కువ ఉషారు ఉండొద్దు.

ఒక్కొక్కలం అడిగితే 'నువ్వు కాకుంటే ఇంకొకడు' అంటరు. మండలంల ఇట్ల పని చేసేటోళ్లు పదిమంది ఉంటే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుండ్రి. ఏ కంపెనీ ఏ టైముల పని అడుగుతుంది, ఎంత ఇస్తుంది, ఎవరు అలవెన్సు ఎగ్గొడుతున్నరు, ఇవి పంచుకోండ్రి. కరీంనగర్, సిద్దిపేట, నిజామాబాద్‌ల ఐటీ టవర్లు కట్టిన్రు గదా. ఎన్ని కొలువులు వచ్చినయ్ అని అడిగే నాయకుల్ని, అందుల పగటి కొలువులు ఎన్ని అని కూడా అడుగుదం.

ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, ఎనిమిది గంటలు మన ఇష్టం అని 1886 మే నెలల కార్మికులు రోడ్డెక్కిన ఊరు షికాగో. రైలు కంపెనీలోళ్లు గడియారాలు పంచుకున్నదీ ఆ షికాగోలనే. ఇయ్యాల మన ఊర్ల పిల్లలు రాత్రంత మేలుకొని చేసేది ఆ షికాగో టైము డ్యూటీయే. గడియారం అక్కడికెల్లి మన దాకా వచ్చింది. ఆ ఎనిమిది గంటల నిద్ర మాత్రం ఇంకా రాలే. అది దానంతట అది రాదు తమ్మీ, అడిగితేనే వస్తది.